జిడ్డు కృష్ణమూర్తి - జీవితం, ధ్వనిముద్రణలు

జిడ్డు కృష్ణమూర్తి (1895 - 1986) ఇరవయ్యవ శతాబ్దపు ప్రముఖ తత్వవేత్త, వక్త. ఈయన పుంగనూరుకు పొరుగున ఉన్న మదనపల్లెలో జన్మించాడు. తన పేరిట వారసులు గానీ వ్యాఖ్యాతలు గానీ ఉండరాదని పలుమార్లు తెలియజేశాడు. అందువలన ఈయన స్వరాన్ని నిలుపుకున్న ధ్వనిముద్రణలకు విశేష ప్రాధాన్యం ఏర్పడింది.

బాల్యం

కృష్ణమూర్తి తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదవ సంతానంగా జన్మించాడు. మదనపల్లె ఆ కాలంలో కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరింది. 1905లో తల్లి మరణించింది. 1909లో కుటుంబం మద్రాసులోని అడయారుకు చేరింది. అక్కడి దివ్యజ్ఞాన సమాజానికి చెందిన లెడ్‌బీటర్ ఈ బాలుని చూసి, భావి జగద్గురువుగా భావించాడు. అనీ బిసెంట్ ఈయనను పెంచి విద్య చెప్పించింది.

సంస్థ రద్దు

ఈయన కోసం 1911లో ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ అనే సంస్థ ఏర్పడింది. 1925లో తమ్ముడు నిత్యానంద మరణం ఈయనను తీవ్రంగా కలచివేసింది. 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో, బిసెంట్ సమక్షంలోనే, ఆ సంస్థను రద్దు చేశాడు. సత్యాన్ని చేరుటకు ఏ మతమూ, గురువూ, సంస్థా మార్గం కాజాలవన్నది ఈయన అభిప్రాయం. మదనపల్లె సమీపాన ఉన్న రిషివ్యాలీ పాఠశాల ఈయన ఆశయాలతో నెలకొన్నది.

ప్రసంగాలు, టేపులు

తొలి దశాబ్దాల ప్రసంగాలు ప్రధానంగా అచ్చు ప్రతులుగా లభిస్తున్నాయి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అయస్కాంత టేపు వాడుకలోకి రావడంతో ప్రసంగాన్ని స్వరంతో సహా భద్రపరచడం సులభమైనది. 1961 నుండి 1985 వరకు స్విట్జర్లాండులోని సానెన్‌లో ఏటా ప్రసంగించాడు. 1974లో శాన్‌డీగోలో ఆచార్య అలన్ ఆండర్సన్‌తో జరిపిన 18 సంభాషణలు వీడియోగా చిత్రించబడ్డాయి. చేతులు వణకడం వలన వ్రాయుట కష్టమై, 1983లో తన ఆలోచనలను ఏకాంతంగా టేపు రికార్డరులో చెప్పసాగాడు. అవి 1987లో పుస్తకంగా వెలువడ్డాయి.

రచనలు, ప్రచురణ హక్కులు ఎవరివన్న విషయమై పూర్వ సహచరుడు రాజగోపాల్‌తో 1971లో మొదలైన వ్యాజ్యం 1986లో గానీ పూర్తిగా పరిష్కారం కాలేదు. కృష్ణమూర్తి 1986 జనవరి 4న మద్రాసులో చివరి బహిరంగ ప్రసంగం చేసి, ఫిబ్రవరి 17న కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో క్లోమ క్యాన్సర్‌తో మరణించాడు.

డిజిటల్ రూపం

టేపుపై పూత కాలక్రమేణా పాడవుతుంది. ఒక టేపు నుండి మరొక దానికి నకలు తీసిన ప్రతిసారీ రొద పెరుగుతుంది. దీనికి పరిష్కారం ధ్వనిని అంకెలుగా మార్చడం. 1937లో పారిస్‌లో పనిచేస్తున్న ఆంగ్ల ఇంజనీరు అలెక్ రీవ్స్ రూపొందించిన పల్స్ కోడ్ మాడ్యులేషన్ (పీసీఎం) ఇందుకు ఆధారం.

ఈ పద్ధతిలో ధ్వని తరంగపు ఎత్తును సమాన వ్యవధులలో కొలుస్తారు. ఒక్కొక్క కొలతను నమూనా అంటారు. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. తరంగాన్ని తిరిగి నిర్మించడానికి అంతకు రెట్టింపు కంటే ఎక్కువ నమూనాలు అవసరం. అందుచేత సీడీలలో సెకనుకు 44,100 నమూనాలు తీసుకుంటారు. ప్రతి నమూనా 16 బిట్ల సంఖ్య. దాని విలువ -32,768 నుండి 32,767 వరకు ఉండవచ్చు. పూర్తి నిశ్శబ్దం సున్న.

ఒక నమూనాకు 2 బైట్లు పడుతుంది. కనుక ఒకే చానెల్‌లో గంటసేపు సాగిన ప్రసంగానికి 31 కోట్ల 75 లక్షల 20 వేల బైట్లు కావాలి. రెండు చానెళ్ళుంటే ఎడమ, కుడి నమూనాలను ఒకదాని తరువాత ఒకటిగా వ్రాస్తారు. ముడి ఫైలులో ఈ సంఖ్యలు తప్ప మరేమీ ఉండవు. వాటిని ఎలా చదవాలో ఫైలు చెప్పదు. సెకనుకు 44,100 చొప్పున తీసిన నమూనాలను 22,050 చొప్పున చదివితే, మాట సగం వేగంతో, బొంగురుగా వినిపిస్తుంది. బైట్ల వరుస తారుమారైతే రొద మాత్రమే మిగులుతుంది. అందుకే 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం రూపొందించిన వేవ్ ఫైలులో ముందుగా ఒక శీర్షభాగం ఉంటుంది. సాధారణంగా 44 బైట్లుండే ఈ భాగంలో నమూనాల రేటు, బిట్లు, చానెళ్ళ సంఖ్య నమోదై ఉంటాయి.

ఎంపీ3 వంటి పద్ధతులు చెవికి అంతగా పట్టని అంశాలను తొలగించి ఫైలును కుదిస్తాయి. తొలగించినది తిరిగి రాదు. కనుక ధ్వని భాండాగారాలకు కుదించని ప్రతినే మూలప్రతిగా ఉంచుకోవాలని సూచిస్తారు. సాధారణంగా 24 బిట్లు, సెకనుకు కనీసం 48,000 నమూనాలు సిఫారసు చేస్తారు. వ్యాఖ్యాతలు వద్దన్న వక్త విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. మాటల మధ్య ఆయన పాటించిన మౌనం కూడా ఆ సంఖ్యలలో యథాతథంగా నిలుస్తుంది.