ప్లగ్ పాయింట్ వెనక చిన్న తలుపులు

పోయిన సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు, రెండేళ్ల వాడు, నా హెయిర్‌పిన్ను తీసి గోడకున్న ప్లగ్ పాయింట్లో పెట్టబోయాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అదృష్టం, పిన్ను లోపలికి దూరలేదు! ఆ కన్నాల వెనక బుల్లి ప్లాస్టిక్ తలుపులుంటాయట. ఈ సంగతి ఆరా తీస్తుంటే కరోలిన్ హాస్లెట్ గురించి తెలిసింది.

1895లో ఇంగ్లండులోని సస్సెక్స్‌లో పుట్టింది. తండ్రి రైల్వేలో సిగ్నల్ ఫిట్టరు. బాయిలర్లు తయారుచేసే కంపెనీలో గుమాస్తాగా చేరి, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కార్ఖానాలోకి మారి ఇంజనీరింగ్ పని నేర్చుకుంది. 1919లో మహిళా ఇంజనీర్ల సంఘానికి తొలి కార్యదర్శి అయింది. 1924లో ఆడవాళ్లకి కరెంటు సంగతులు నేర్పే సంఘం పెడితే, దాని నిర్వహణా ఈవిడదే. పదేళ్లకి స్త్రీల కోసం ఎలక్ట్రికల్ హ్యాండ్‌బుక్ కూడా తెచ్చింది. ఫ్యూజు పోతే మగవాళ్లొచ్చేదాకా చీకట్లో కూర్చునే మనలాంటి వాళ్ల కోసమేనన్నమాట!

అసలు కథ 1942లో. యుద్ధం అయ్యాక కట్టే ఇళ్లలో వైరింగ్ ఎలా ఉండాలో తేల్చడానికి అక్కడ ఇరవైమందితో ఓ కమిటీ వేశారు. అందులో ఆడమనిషి ఈవిడొక్కతే. పసిపిల్లలున్న ఇళ్లలో సాకెట్టు కన్నాలకి మూతలుండాలని 1944లో ఆ కమిటీ చెప్పింది. మూడు పిన్నుల్లో ఎర్త్ పిన్ను కాస్త పొడుగు. అది ముందు లోపలికెళ్లి తలుపులు తీస్తేనే మిగతా రెండూ దూరతాయి. 1947లో అదే బ్రిటన్ ప్రమాణమైంది. వాళ్ల పిన్నులు పలకలు, మనవి గుండ్రాలు. మన ప్లగ్గులోనూ పైనుండే ఎర్త్ పిన్నే పొడుగు, లావు. ఇస్త్రీపెట్టెలోంచి కరెంటు రేకులోకి వస్తే, దాన్ని భూమిలోకి పంపేది ఆ ఎర్త్ వైరే. అది లేకపోతే మన ఒంట్లోంచి పోతుంది. మూడో పిన్ను విరిగినా అలాగే ఇస్త్రీ చేసేస్తాం మనం. నేనూ చేశాను, అబద్ధమెందుకు!

ఆ 1947లోనే ఆవిడకి డేమ్ బిరుదు వచ్చింది. 1957 జనవరిలో పోయింది. తన దహనం కరెంటుతోనే జరగాలని వీలునామాలో రాసుకుందట.

మా వంటింట్లో తలుపుల్లేని పాత పాయింట్లు రెండున్నాయి. ఆదివారం ఎలక్ట్రీషియన్ని రమ్మన్నాను.