సూక్ష్మజీవుల ఆకలి నెరిగిన శాస్త్రవేత్త: యల్లాప్రగడ సుబ్బారావు

జీవకణంలో శక్తిని మోసే పదార్థం ఎ.టి.పి. అని మన కళాశాల విద్యార్థులందరూ కంఠస్థం చేస్తారు. దానిని వేరుపరచిన తొలి శాస్త్రజ్ఞులలో ఒకరు భీమవరంలో జన్మించిన తెలుగువారని ఎందరికి తెలుసు?

1895 జనవరి 12న జగన్నాథం, వెంకమ్మ దంపతులకు పుట్టిన సుబ్బారావుగారి బాల్యం లేమిలో గడిచింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడవమారు మద్రాసులో ఉత్తీర్ణులయ్యారు. సన్న్యసించబోతే తల్లి అంగీకరించలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే గ్రహణి వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల వ్యవధిలోనే బలిగొన్నది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

మామగారి ధనసాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను 1922లో అమెరికా చేరుకున్నారు. భార్య శేషగిరమ్మగారు ఇక్కడే ఉండిపోయారు. పుట్టిన కుమారుని ఆయన చూడనేలేదు; ఆ శిశువు పసితనంలోనే మరణించాడు. సుబ్బారావుగారు మరల స్వదేశానికి రాలేదు. ఆయన కీర్తిని తలచినప్పుడు ఆ ఇల్లాలి నిరీక్షణను కూడా తలచుకొనుట న్యాయం.

హార్వర్డులో చదువుకుంటూ ఆసుపత్రిలో రాత్రి కొలువు చేసేవారు. 1925లో ఫిస్కే అనే ఆచార్యునితో కలసి, ద్రవంలోని భాస్వరాన్ని నీలి రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతి ఆధారంగానే 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. బయటపడ్డాయి. జర్మనీలో లోమన్ కూడా అదే కాలంలో ఎ.టి.పి.ని వేరుగా కనుగొన్నాడు. మన ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి పీడితులు భయంతో చూచుకొనే క్రియాటినిన్ అంకె ఎక్కడిదనుకున్నారు? కండరంలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లు రూపు మారగా ఏర్పడే వ్యర్థమే అది. మూత్రపిండం దానిని బయటకు పంపలేనప్పుడు రక్తంలో నిలిచిపోతుంది.

తరువాత ఆయన దృష్టి సూక్ష్మజీవుల పోషణపై పడింది. 1930 దశకం చివరలో రేన్ అనే సహచరునితో కలసి, కొన్ని స్ట్రెప్టోకాకస్ జాతులు పెరగడానికి పాంటోథెనిక్ ఆమ్లం అవసరమని చూపారు. అది కో-ఎంజైమ్ ఎ అనే పదార్థంలో భాగమని తరువాతి కాలంలో తేలింది. నేటి ఒక పరిశోధనను అర్థం చేసుకోవడానికి ఈ విషయం అక్కరకు వస్తుంది. మట్టిలో కలసిపోయే ప్లాస్టిక్కును తమ కణాలలో కొవ్వువలె దాచుకొనే బ్యాక్టీరియాలున్నాయి. ఫ్రాన్సులో లెమోయిన్ 1926లోనే దీనిని గుర్తించాడు. తిండి సమృద్ధిగా ఉండి, నత్రజని గాని భాస్వరం గాని కొరవడినప్పుడు ఈ నిల్వ పెరుగుతుంది. రెండు అసిటైల్ కో-ఎంజైమ్ ఎ అణువుల కలయికతో ఆ తయారీ మొదలవుతుంది. 1988 నాటికి ఆ జన్యువులను వేరొక బ్యాక్టీరియాలో ప్రవేశపెట్టగలిగారు. ఆ కణం తన తిండిని పెరుగుదలకు కాక ప్లాస్టిక్కుకే మళ్లించేటట్లు చేయుటయే నేటి ప్రయత్నం. ఇది సుబ్బారావుగారు చేసిన పని కాదు. కాని కణం లెక్కలను చదివే పనిముట్లలో కొన్ని ఆయన చేతి చలవే. పలాస జీడిపప్పు సంచి కూడా ఒకనాడు ఇట్టి ప్లాస్టిక్కుతో రావచ్చును. ఖరీదు మాత్రం ఇంకా అడ్డుగా ఉన్నది.

హార్వర్డు శాశ్వత పదవి నీయకపోవడంతో 1940లో లెడర్లే ఔషధ సంస్థలో చేరి, పరిశోధనాధిపతి అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను హరించిన స్ప్రూ వ్యాధిలోని రక్తహీనతకు అది మందైంది. మట్టిలోని సూక్ష్మజీవి నుండి డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడైంది. మన కోస్తా జిల్లాలలో బోదకాలు నివారణకు ఇంటింటా పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆ ప్రయోగశాల నుండి వచ్చినదే. ఫార్బర్ అనే వైద్యుడు పిల్లల రక్త క్యాన్సరుపై ప్రయోగించిన అమినోప్టెరిన్ సైతం అక్కడిదే.

1948 ఆగస్టులో, యాభై మూడేండ్ల వయసున, నిద్రలో కన్నుమూశారు. నోబెల్ బహుమతి రాలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీదుగా సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వెలువరించింది.