టిప్పు సుల్తాను - ఇనుప బాణాలు

తారాజువ్వను ఎరుగని తెలుగు విద్యార్థి ఉండడు. కాగితపు గొట్టంలో మందు కూరి, వెదురుపుల్లకు కట్టి, ఒత్తికి నిప్పంటిస్తే అది రివ్వున ఆకాశానికి ఎగసిపోతుంది. విజ్ఞాన ప్రదర్శనలు జరిగినప్పుడల్లా మన విద్యార్థులు అట్టగొట్టాలకు రెక్కలు అతికించి, రంగు పూసి, వాటిపై 'అగ్ని' అనో 'పృథ్వి' అనో వ్రాసి నిలబెట్టడం చూస్తూనే ఉన్నాము. ఆ నమూనాల వంశవృక్షాన్ని వెదుక్కుంటూ వెనుకకు పోతే పద్దెనిమిదవ శతాబ్దపు మైసూరు రాజ్యంలో, శ్రీరంగపట్టణం కోట ముంగిట తేలుతాము. అక్కడ తారాజువ్వ కాగితాన్ని విడిచి ఇనుపగొట్టాన్ని తొడుక్కున్నది. ఇనుము కరిగే కొలుముల నడుమ, ఉక్కునగరంలో చదువుకుంటున్న మీకు ఈ కథ పరాయిది కాదు.

టిప్పు సుల్తాను 1750 ప్రాంతంలో దేవనహళ్ళిలో జన్మించాడు. తండ్రి హైదర్ అలీ అప్పటికి మైసూరు సైన్యంలో పైకి వస్తున్న యోధుడు మాత్రమే. తల్లి ఫక్రున్నిసా కడప కోటకు అధికారిగా ఉండిన మీర్ ముయినుద్దీన్ కుమార్తె. అంటే, మైసూరు పులిగా లోకం పిలిచిన ఈ వీరుడు మన కడపకు దౌహిత్రుడు. ఆర్కాటులో వెలసిన సూఫీ మహనీయుడు టిప్పు మస్తాన్ ఔలియా పేరును అతనికి పెట్టుకున్నారు. తాత ఫతే ముహమ్మద్ ఆర్కాటు నవాబు కొలువులో యాభైమంది బాణగాండ్రకు నాయకుడట. మన బాణమే ఫార్సీ వ్రాతలలో 'బాన్' అయింది. హైదర్ అలీ నిరక్షరాస్యుడు. అయినను కుమారునికి మాత్రం ఫార్సీ, కన్నడం మొదలైన భాషలతోపాటు యుద్ధవిద్యలన్నీ నేర్పించాడు.

ఇనుపగొట్టం టిప్పు కనిపెట్టినది కాదు. తండ్రి కాలం నుండే అది వాడుకలో ఉన్నది. దాని విశేషమేమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందు మండినప్పుడు పుట్టే వాయువు ఒక వైపు రంధ్రంగుండా వెనుకకు దూసుకుపోతే గొట్టం ముందుకు పోతుంది. వాయువు ఒత్తిడి ఎంత హెచ్చితే వేగం అంత హెచ్చుతుంది. కాగితపు గొట్టమైనా వెదురుబొంగైనా ఆ ఒత్తిడికి పగిలిపోతుంది. మైసూరు కమ్మరులు మెత్తని ఇనుమును సమ్మెటలతో సాగగొట్టి, గొట్టంగా చుట్టి, ఒక కొసను మూసివేశారు. గొట్టం పొడవు సుమారు 20 సెంటీమీటర్లు, అడ్డుకొలత నాలుగు మొదలు ఎనిమిది సెంటీమీటర్లలోపు. దానిని తోలుపట్టీలతో సుమారు మీటరు పొడవు గల వెదురుకర్రకు బిగించేవారు. కొన్నిటికి కర్ర బదులు కత్తిని కట్టేవారు. ఇనుము పగలదు గనుక మందు గట్టిగా కూరవచ్చును. బాణం కిలోమీటరు దూరం, ఒక్కొక్కప్పుడు అంతకు మించీ పోయేది. ఆనాడు ఐరోపా సైన్యాల వద్ద ఇంతటి బాణం లేదు. (ఈ మాట విని ఎవరైనా ఇంట్లో ఇనుపగొట్టంలో మందు కూరబోతారేమో! అది పేలితే ప్రతి ముక్కా తూటాయే. నమూనాలకు అట్టగొట్టమే శ్రేయస్కరం.)

టిప్పు గొప్పతనం వేరొకచోట ఉన్నది. హైదర్ కాలంలో పన్నెండు వందలుగా ఉండిన బాణగాండ్రను అతడు దాదాపు అయిదు వేలకు పెంచాడు. జైనుల్ ఆబిదీన్ షూస్తరీ చేత 'ఫత్‌హుల్ ముజాహిదీన్' అనే సైనికగ్రంథం వ్రాయించి, ఒక్కొక్క దళానికి రెండు వందలమంది బాణగాండ్రు ఉండాలని నియమించాడు. కొలిమి వద్ద పుట్టిన పనితనానికి దండులో స్థానం కల్పించిన రాజులు మన దేశంలో ఎందరున్నారు?

1780 సెప్టెంబరు 10వ తేదీన పొల్లిలూరు వద్ద ఆ బలం లోకానికి తెలిసింది. గుంటూరు నుండి కాంచీపురం వైపు నడచివస్తున్న కర్నల్ బెయిలీ సేనను టిప్పు అడ్డగించాడు. కుంఫిణీ మందుగుండు బండ్లు పేలిపోయి, సేన సర్వనాశనమై, బెయిలీ పట్టుబడ్డాడు. బండ్లను పేల్చినది బాణమా, ఫిరంగి గుండా అన్న విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ అలజడి మన ఊరినీ తాకింది. హైదర్‌పై యుద్ధానికి మదరాసు వెళ్ళుటకు ఓడ ఎక్కుమని ఆజ్ఞాపించగా విశాఖపట్టణంలోని కుంఫిణీ సిపాయిలు అక్టోబరు 3వ తేదీన తిరగబడి తమ అధికారులపైనే కాల్పులు జరిపారు. సిపాయిల తిరుగుబాటు అనగానే 1857ను తలచుకునే మనం ఈ సంఘటనను ఎందుకో మరచిపోయాము.

1782 డిసెంబరులో చిత్తూరు సమీపాన విడిదిలో హైదర్ అలీ కన్నుమూశాడు. సుల్తానైన టిప్పు పట్టుపరిశ్రమను పెంచాడు, కొత్త నాణేలు వేయించాడు, ఫ్రాన్సుకూ తుర్కీకీ రాయబారులను పంపాడు. మలబారులోను, కొడగులోను అతని సేనలు ప్రజలను పెట్టిన బాధలను అభిమానం కొద్దీ దాచిపెట్టడం చరిత్ర అనిపించుకోదు. 1792 సంధిలో సగం రాజ్యం పోయింది. ఇద్దరు కొడుకులను కుంఫిణీకి తాకట్టుగా అప్పగించవలసి వచ్చింది. కడప, గుర్రంకొండ సీమలు నిజాముకు దక్కి, 1800లో దత్తమండలాల పేరిట కుంఫిణీ వశమయ్యాయి.

చివరి యుద్ధం 1799లో. ఏప్రిల్ 5 రాత్రి సుల్తాన్‌పేట తోపులో, తరువాతి కాలంలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లెస్లీ అంతటివాడు ఈ బాణాల, తుపాకుల ధాటికి చీకటిలో చెల్లాచెదరై వెనుదిరిగాడు. అయితే నెల తిరగకముందే, మే 4న కోట కూలింది. సుల్తాను పోరాడుతూ నేలకొరిగాడు. బాణం భయపెట్టగలదు, బండ్లను తగులబెట్టగలదు. గురి మాత్రం దానికి లేదు. కోటగోడలు పగులగొట్టే ఫిరంగుల ముందు అది నిలువలేకపోయింది. కోటలో విజేతలు లెక్కపెట్టగా ఏడు వందల సిద్ధబాణాలు, తొమ్మిది వేల ఖాళీ గొట్టాలు దొరికాయట.

వాటిలో కొన్ని ఓడనెక్కి లండను సమీపంలోని వూలిచ్ ఆయుధశాలకు చేరాయి. అక్కడ విలియం కాంగ్రీవ్ అనువాడు మందు పాళ్ళను మార్చి మార్చి చూశాడు, ప్రతి ప్రయోగాన్ని కొలిచాడు, కొలతలను వ్రాసి అచ్చు వేయించాడు. 1806లో బూలోన్‌పై, 1807లో కోపెన్‌హేగన్‌పై అతని బాణాలు నిప్పుల వాన కురిపించాయి. అవి కాంగ్రీవ్ బాణాలుగానే ప్రసిద్ధి పొందాయి. మన కమ్మరి చేతిలోని ఒడుపు చేతిలోనే ఉండిపోయింది. కాగితం మీదికి ఎక్కలేదు. నా దృష్టిలో శ్రీరంగపట్టణం పతనం కంటె ఇదే పెద్ద ఓటమి.

1963లో అమెరికాలోని వాలప్స్ కేంద్రానికి శిక్షణకై వెళ్ళిన అబ్దుల్ కలాం అక్కడి గోడమీద ఒక చిత్రపటాన్ని చూశారు. అందులో బాణాలు వదలుతున్న సైనికులు శ్వేతజాతివారు కారు. వారు టిప్పు సైనికులు. ఆ తరువాత రెండు దశాబ్దాలకు కలాం హైదరాబాదు వచ్చి క్షిపణుల నిర్మాణానికి నాయకత్వం వహించారు.

2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో ఒక ఎండిన బావిని త్రవ్వగా వేయికి పైగా ఇనుపగొట్టాలు బయటపడ్డాయి. తుప్పుపట్టినా వాటి ఆకారం చెడలేదు. కొన్నిటిలో మందు ఇంకా మిగిలి ఉన్నది. ఆ గొట్టాలను సాగగొట్టిన కమ్మరులలో ఒక్కరి పేరైనా వాటిమీద లేదు.