నొప్పి ఎరుగని చేతులు: డాక్టర్ ఇసబెల్ కెర్ జీవితము

కాలిన ఇనుము వ్రేలికి తగిలినప్పుడు చేయి మన సెలవు అడుగదు; తలంపునకు ముందే వెనుకకు వచ్చును. భిలాయి ఉక్కు కర్మాగారమును నమ్ముకొని రుఆబాంధాలోను చుట్టుపట్ల సెక్టార్లలోను కాపురమున్న మన తెలుగువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అట్టి నొప్పిని మనము శత్రువుగా ఎంచుదుము. దానిని తీసివేయుమని ప్రార్థింతుము. అయితే నొప్పి తెలియకపోవుటయే గొప్ప ఆపదయైన వారి మధ్య ఇరువది సంవత్సరములు గడిపిన యొక వైద్యురాలి జీవితము మనకు వేరొక పాఠము నేర్పును.

ఇసబెల్ గన్ 1875 మే 30న స్కాట్లాండులో ఒక రైతు కుటుంబమున జన్మించెను. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అరుదైన ఆ దినములలో ఆమె అబర్డీన్ విశ్వవిద్యాలయమున చదివి 1903లో పట్టము పొందెను. ఆ సంవత్సరమే జార్జి కెర్ అను సువార్త సేవకుని వివాహమాడెను. ఆయన పూర్వము వడ్రంగి పని చేసినవాడు. 1907లో ఆ దంపతులు వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున హైదరాబాదు సంస్థానమునకు వచ్చి, పిమ్మట నిజామాబాదులో పరిచర్య చేసిరి.

అచ్చట కుష్ఠువ్యాధి గలవారు అనేకులు ఆమె కంటబడిరి. ఇంటివారు వెలివేసిన ఆ దీనులకు చికిత్స దొరకు స్థలము లేదు. 1911లో ఆమె వారికొరకు నిజామాబాదులో ఒక ఆశ్రయము తెరచెను. వచ్చువారు పెరిగి స్థలము చాలకపోయెను. అప్పుడు రాజా నర్సాగౌడ్ అను హైందవ దాత పెద్ద మొత్తము నొసగగా, 1915లో సమీపమందలి దిచ్‌పల్లిలో విక్టోరియా వైద్యశాల వెలసెను. క్రైస్తవ పరిచర్యకు క్రైస్తవేతరుని ఔదార్యము తోడైన ఈ సంగతిని మనము కృతజ్ఞతతో జ్ఞాపకము చేసికొనవలెను.

ఈ వ్యాధి చేయు పని యెట్టిదో తెలిసికొననిదే ఆమె సేవ మనకు అర్థము కాదు. 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ దీని క్రిమిని కనుగొనెను. ఆ క్రిమి చర్మమునకు దగ్గరగా ఉండు నరములను ఆశ్రయించును. మోచేయి, మోకాలు, చీలమండ యొద్ద నరములు చెడగా చేతికిని పాదమునకును స్పర్శ పోవును. పొయ్యిమీది గిన్నెను వట్టిచేతితో దింపినను కాలినట్లు తెలియదు. ముల్లు గుచ్చుకొనినను దినమంతయు నడచుచుండును. పుండు పడును, ఎముక చెడును, వ్రేళ్లు కురుచయగును. మాంసము తనంతట తానే కుళ్లిపోవునని లోకులు తలంచిరి. 1946లో వేలూరునకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, నొప్పి లేకపోవుటవలన తగులు గాయములే చేతులను పాదములను పాడుచేయుచున్నవని తరువాతి కాలమున విశదపరచెను. నొప్పి దేవుడిచ్చిన కావలివాడని ఆయన జీవితాంతము బోధించెను.

అయితే ఇదే వ్యాధిలో తీవ్రమైన నొప్పియు కలదు. ఒక్కొక్కప్పుడు నరము వాచి భరింపరాని బాధ కలుగును. అది వెంటనే వైద్యుని చూడవలెనను పిలుపు. ఆలస్యమైన యెడల నరము శాశ్వతముగా చెడును. మరికొందరికి వ్యాధి నయమైన తరువాత కూడ మంటయు పోటును సంవత్సరముల తరబడి నిలుచును. కావలివాడు దొంగ వెళ్లిపోయిన పిమ్మట కూడ కేకలు వేయుట వంటిది ఈ నొప్పి. మొదటి దానికి కారణము వెదకి చికిత్స చేయవలెను. రెండవదానికి నరములకు తగిన మందు, మితమైన వ్యాయామము, నిద్ర, తోడివారి ఆదరణ కావలెను. ఈ భేదము నడుము నొప్పితోను మధుమేహము వలన కలుగు పాదముల మంటతోను బాధపడువారికిని వర్తించును.

దిచ్‌పల్లిలో మొదట మందు లేదు. పుండ్లు కడుగుట, కట్టు కట్టుట, అన్నము పెట్టుట మాత్రమే సాధ్యమాయెను. మన దేశమున పూర్వమునుండి వాడుకలో నున్న చాల్‌మోగ్రా తైలము త్రాగినవారికి వికారము పుట్టించుచుండెను. కలకత్తాలో డాక్టర్ లియొనార్డ్ రోజర్స్, డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ ఈ జాతి తైలములను సూదిమందుగా ఇచ్చు పద్ధతిని వృద్ధిపరచిరి. డాక్టర్ కెర్ దానిని దిచ్‌పల్లిలో శ్రద్ధతో అమలుపరచెను. చిక్కని తైలమును శరీరములోనికి ఎక్కించుట బాధాకరము. నొప్పి ఎరుగని వ్యాధికి నొప్పితో కూడిన చికిత్స! అయినను రోగులు మరల మరల వచ్చిరి. ఏలయనగా వారికి నిరీక్షణ పుట్టెను. ఆ తైలము పూర్ణమైన మందు కాదని నేడు మనకు తెలియును. కాని చావుకొరకు కనిపెట్టు స్థలము బాగుపడుటకు వచ్చు స్థలమాయెను.

1923లో ప్రభుత్వము ఆ దంపతులను కైజర్-ఇ-హింద్ పతకముతో గౌరవించెను. 1932 జనవరి 12న డాక్టర్ కెర్ ప్రభువునందు నిద్రించెను. ఆమె భర్త 1938 వరకు ఆ పరిచర్యలోనే నిలిచెను.

1940లలో డాప్సోన్ జాతి మందులు వచ్చెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులు కలిపి ఇచ్చు చికిత్సను సిఫారసు చేసెను. నేడు ఆరు లేక పండ్రెండు నెలలు మందు మింగినచో వ్యాధి నయమగును, మందు ఉచితము. అయినను ఈ వ్యాధి నేటికిని ఎక్కువగా కనబడు రాష్ట్రములలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. మందు ఉండగా మనుష్యులు ఎందుకు దాగుచున్నారు? సిగ్గువలన. ఆ సిగ్గులో మన సంఘములకును పాలు కలదు. లేవీయకాండములోని హెబ్రీ పదము బట్టలకును ఇంటి గోడలకును పట్టు మరకలకు కూడ చెల్లును. అది హాన్సెన్ కనుగొనిన వ్యాధికి సరియైన పేరు కాదు. అనువాదములో 'కుష్ఠము' అను మాట కుదిరినందున, ఒక రోగముపై అపవిత్రత ముద్ర పడెను. మన ప్రభువైతే అట్టివానిని ముట్టి మరీ బాగుచేసెను.

ప్రియ చదువరీ, నీ చర్మముపై స్పర్శలేని మచ్చ కనబడిన యెడల దాచుకొనకుము. వైద్యుని యొద్దకు వెళ్లుము. నీ పాదమునకు స్పర్శ తగ్గిన యెడల ప్రతి రాత్రి దానిని పరీక్షించుకొనుము. నీ పొరుగువాడు మానని నొప్పితో నలుగుచున్న యెడల, విశ్వాసము చాలలేదని అతనిని నిందింపకుము. పౌలు శరీరములోని ముల్లు కూడ తీసివేయబడలేదు. సంఘము క్రీస్తు శరీరమైన యెడల, ఒక అవయవపు బాధ తక్కిన అవయవములకు తెలియవలెను. తెలియనిచో శరీరమునకు స్పర్శ పోయినదన్నమాట. అట్టి స్పర్శ మనలో ఆరిపోకుండునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక.