రాత్రి రెండు గంటల దీపం

బొంబాయి పరేల్‌లో ఒకే గది. వంట, పడక, చదువు అన్నీ అందులోనే. తండ్రి రామ్‌జీ రాత్రి రెండింటిదాకా మేలుకుని, అప్పుడు కొడుకును చదువుకు లేపేవారు. ఆ అలవాటుతోనే భీమ్‌రావ్ 1907లో మెట్రిక్ గట్టెక్కారు.

1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసి లండన్ చదువు ఆగింది. పుస్తకం మాత్రం మూయలేదు. సిడెన్‌హామ్ కాలేజీ జీతంలో మిగుల్చుకుని, షాహూ మహరాజ్ చేయూతతో 1920లో మళ్లీ వెళ్లారు. 1923లో డీఎస్సీ సాధించారు.

1956 డిసెంబర్ 5 రాత్రి కూడా బుద్ధుడిపై రాసిన పుస్తకం ముందుమాట చూసుకుంటూనే ఉన్నారు. తెల్లారేసరికి బాబాసాహెబ్ లేరు.

హాస్టల్ గదిలో స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూస్తున్న విద్యార్థీ, అది నీ హక్కు, పోరాడి తెచ్చుకో. ఈలోగా రోజూ చదివే గంటను మాత్రం వదులుకోకు.