పతకం అమ్ముకున్న తంతి గుమాస్తా

మా తంతి ఆఫీసులో టెలిప్రింటర్ వేగం 50 బాడ్‌లని రోజూ చెప్పుకునేవాళ్లం. ఆ బాడ్ ఒక మనిషి పేరు నుంచి వచ్చిందనీ, ఆయన కూడా మనలాగే కింది మెట్టు నుంచి మొదలైన ప్రభుత్వోద్యోగేననీ నాకు రిటైరయ్యాకే తెలిసింది. ఆయనే ఎమీల్ బోదో.

బోదోగారు 1845లో ఫ్రాన్సులోని మాన్యో అనే పల్లెలో, రైతు కుటుంబంలో పుట్టారు. చదువు ప్రాథమిక పాఠశాలతో సరి. తండ్రితో పొలం పనులు చేసి, 1869లో తంతి శాఖలో ఆపరేటరు శిక్షణకు చేరారు. ఆరోగ్యం అంతంతమాత్రం. ఒక్కోసారి నెల్లాళ్లు సెలవులో ఉండేవారట. ఆ సెలవు చీటీలు మంజూరు చేసిన గుమాస్తా ఎవరో గాని, పుణ్యాత్ముడు.

గుమాస్తా మీట నొక్కని క్షణాల్లో తీగ ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని వాడుకోవచ్చని మేయర్ అనే మరో తంతి ఉద్యోగి ముందే గ్రహించాడు. అక్షరాలు అచ్చువేసే యంత్రం హ్యూస్‌ది. ఈ రెండు ఆలోచనలనూ కలిపి, దానికి అయిదు సంకేతాల లిపి జోడించి, 1874లో బోదోగారు పేటెంటు తీసుకున్నారు. మోర్స్‌లో ఒక అక్షరం పొట్టి, ఒకటి పొడుగు. బోదో పద్ధతిలో అన్నీ సమానమే. అయిదు మీటలు, ఎడమచేతికి రెండు, కుడిచేతికి మూడు. నొక్కినవీ నొక్కనివీ కలిపి 32 కూర్పులు. తిరిగే యంత్రం ఒక్కొక్క గుమాస్తాకూ వంతు ఇస్తుంది. టిక్కుమనగానే నొక్కాలి, తప్పితే అక్షరం పోయినట్టే. ఆ తాళం పట్టుబడితే ఒకే తీగ మీద పలువురి వార్తలు ఒకదాని వెంట ఒకటి సాగిపోయేవి.

1877లో పారిస్–బోర్డో లైనుపై ఇది పనిలోకి వచ్చింది. 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. ఇంజనీర్లను తయారుచేయడానికి తంతి ఉన్నత విద్యాలయాన్ని తెరిచిందీ ఆ ఏడాదే. నేటి టెలికాం పారిస్ అదే. 2019లో పాలెజోకు మారింది, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ శాస్త్రాలు బోధిస్తుంది. ఇంజనీర్ల కోసం బడి కట్టిన ఆ ఏడే, బడి గడప ఎక్కువగా తొక్కని మనిషికి పతకం దక్కింది.

అయితే శాఖ నుంచి ఆయన పరిశోధనకు అందిన సాయం స్వల్పం. ఖర్చు చాలాసార్లు సొంత జేబులోంచే పెట్టుకున్నారు. డబ్బు చాలక 1880లో ఆ బంగారు పతకాన్నే అమ్ముకున్నారు. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ప్రమోషన్లు రాలేదని కాదు. ఆ ఏడాదే కంట్రోలరు, 1882లో ఇన్స్పెక్టర్ ఇంజనీరు అయ్యారు. కాని పతకం పతకమే కదా!

ఆయన 1903 మార్చి 28న, 57వ ఏట, పారిస్ దగ్గరి సో అనే ఊళ్లో కన్నుమూశారు. 1926లో అంతర్జాతీయ తంతి నిపుణులు సంకేతాల వేగానికి బాడ్ అని పేరు పెట్టారు. మన దేశంలో 2013 జూలైలో తంతి సేవ ముగిసింది. మా టెలిప్రింటర్ చివరిదాకా అయిదు సంకేతాల లిపితోనే పనిచేసింది.