డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన పావగడ తాలూకా పాఠశాలలలో వారమున కొకనాడు పిల్లల కిచ్చు నీలిరంగు మాత్రను ఎరుగని విద్యార్థి యుండడు. ఆరోగ్యకేంద్రములందు గర్భిణీస్త్రీల కిచ్చు ఎఱ్ఱని మాత్ర దానికి తోబుట్టువే. ఆ మాత్రలలో ఇనుముతోపాటు ఫోలికామ్లమను పదార్థము గలదు. దానిని ప్రయోగశాలలో తయారుచేయు విధమును లోకమున కందించిన పరిశోధకబృందమునకు నాయకత్వము వహించినవారు ఒక తెలుగువారు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. మాత్ర మ్రింగుచు ముఖము చిట్లించు మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఆ మహనీయుని చరిత్రమును తెలుపదలచితిమి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూశాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. సంసారము పెద్దది, రాబడి స్వల్పము. బాల్యమున చదువుమీద మనసు నిలువక, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెదకించి త్రోవలోనే పట్టి తెప్పించినదని చెప్పుదురు. రాజమహేంద్రవరమున చదివి మెట్రిక్యులేషను పరీక్ష రెండుమార్లు తప్పిరి. మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులైరి. ఇంతలో తండ్రి గతించెను. ఐనను వెంకమ్మగారు కుమారుని చదువు మాన్పింపలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్నప్పుడు సుబ్బారావుగారి మనసు సన్న్యాసమువైపు మరలెను. రామకృష్ణ మఠమున చేరదలచిరి, తల్లి అంగీకరింపలేదు. రోగులకు సేవచేయుటయు ధర్మమేయని తలచి వైద్యకళాశాలలో ప్రవేశించిరి. అవి స్వాతంత్ర్యోద్యమపు దినములు. ఆయన ఖద్దరు ధరించి తరగతికి రాగా, ఆంగ్లేయుడగు శస్త్రవైద్యాచార్యునకు కోపము వచ్చెను. చదువు చక్కగా సాగించినను, చివరకు ఆయనకు లభించినది ఎం.బి.బి.ఎస్. పట్టము గాక, అంతకంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే.

ఆ కాలముననే ఆయన జీవితమును మలుపుత్రిప్పిన దుఃఖ మొకటి సంభవించెను. ఆయన సోదరు లిరువురు స్ప్రూ అను సంగ్రహణీవ్యాధికి కొద్దిదినముల వ్యవధిలో బలియైరి. తిన్న ఆహారము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి కృశించిపోవు వ్యాధి యది. ఇంటిలో వైద్యవిద్య చదివినవాడుండియు, చేతిలో మందు లేకపోయెను. మందు లేకపోవుటకు కారణము వ్యాధి యొక్క మూలము తెలియకపోవుటయే. ఈ సంగతి ఆయన మనసున నాటుకొన్నది. కొంతకాలము మద్రాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో బోధకులుగా నుండి, మామగారి సాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయముతోను 1920వ దశకపు తొలినాళ్లలో అమెరికాకు తరలిరి. భార్య శేషగిరిగారు స్వదేశముననే యుండిపోయిరి. ఆయన మరల రాలేదు.

బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిన ఆయన, రాత్రులయందు ఆస్పత్రిలో చిన్నపనులు చేసి పొట్టపోసికొనుచు, పగలు పరిశోధన సాగించిరి. సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు సులభపద్ధతిని 1925లో ప్రకటించిరి. ఇరువురి పేరులతో ఆ పద్ధతి నేటికిని పాఠ్యగ్రంథములలో నున్నది. ఆ కొలతయే త్రోవచూపగా 1927లో కండరములందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. 1929లో ఏ.టి.పి. అను పదార్థమును కండరమునుండి వేరుచేసిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడు కూడ అదే సంవత్సరమున దానిని కనుగొనెను. మనము పరుగెత్తినను, ఊపిరి పీల్చినను, ఖర్చగు శక్తికి నాణెము ఏ.టి.పి.యే. 1930లో ఆయనకు పిహెచ్.డి. పట్టము వచ్చెను, హార్వర్డులో స్థిరమైన పదవి మాత్రము రాలేదు.

1940లో సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, 1942లో పరిశోధనాధిపతి యైరి. అప్పటికి లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల రక్తహీనత, ఈస్టునుండి తీసిన సారముతో కుదురుచున్నదని 1931లో లోకమునకు తెలిపియుండెను. ఆ సారములో నున్న మందేదియో తెలియదు. ఆకుకూరలలోను, కాలేయములోను గల ఫోలికామ్లమే అదియని క్రమముగా తేలెను. 1945లో లెడర్లీ బృందము ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. మరుసటి యేటికే అది స్ప్రూ వ్యాధిని కుదుర్చునని వైద్యులు గ్రహించిరి. సోదరులను కబళించిన వ్యాధికి మందు ఆయన ప్రయోగశాలనుండియే వచ్చినది. కాని పాతికేండ్లు ఆలస్యముగా వచ్చినది.

కథ ఇంతటితో ముగిసినచో అది ఒక మందు చరిత్ర మాత్రమే యగును. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరుచే బాధపడు పిల్లలకు చికిత్సచేయుచుండెను. ఫోలికామ్లమునకు సంబంధించిన మందుల నిచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు మారుగా మరింత వేగముగా పెరుగుచున్నట్లు ఆయనకు తోచెను. తల్లికి రక్తమునిచ్చు పదార్థమే ఈ బిడ్డలోని వ్యాధికి మేతయగుచున్నది! అట్లయిన ఆ మేతను అడ్డగింపవలెను. సుబ్బారావుగారి బృందము చూపునకు ఫోలికామ్లమువలెనే యుండి, దాని పని చేయనేరని దొంగపదార్థములను తయారుచేసి పంపెను. తాళమున దూరి, త్రిప్పినను తిరుగక, అసలు తాళపుచెవికి చోటులేకుండ చేయు దొంగతాళపుచెవివంటి వవి. వానిలో నొకటి అమినోప్టెరిన్. 1947 చివర దానిని వాడనారంభించిరి. 1948 జూనులో ఫార్బర్ ప్రకటించిన వివరముల ప్రకారము, 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగానైనను గుణము కనబడెను. అంతకు పూర్వము ఆ వ్యాధికి అంతటి గుణమిచ్చిన మందు లేదు. దాని చెల్లెలివంటిదైన మెథోట్రెక్సేటు నేటికిని రక్తపు క్యాన్సరునకును, కీళ్లవాతమునకును వాడబడుచున్నది.

అదేకాలమున బోదకాలుకు కారణమగు క్రిములను చంపు హెట్రజాన్ మందు, డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు కనుగొన్న ఆరియోమైసిన్ అను క్రిమినాశకము లెడర్లీ సంస్థనుండి వెలువడెను. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే తనువు చాలించిరి. కీర్తికై ప్రాకులాడని స్వభావమగుటచే జనులకు ఆయన పేరు అంతగా తెలియలేదు. భారతప్రభుత్వము 1995లో ఆయన శతజయంతి సందర్భమున తపాలాబిళ్లను వెలువరించెను.

ఆయన గతించిన ఐదేండ్లకు, 1953లో, డి.ఎన్.ఎ. నిర్మాణము తెలిసెను. కణము రెండుగా చీలుటకు ముందు డి.ఎన్.ఎ.కు ప్రతి వ్రాసికొనవలెను. ఆ వ్రాతకు కావలసిన అక్షరములలో కొన్నింటిని కూర్చుటకు ఫోలికామ్లము అవసరము. అమినోప్టెరిన్ అడ్డగించినది ఆ ఆమ్లమును పనికి సిద్ధపరచు ఒక ప్రోటీనును. అనగా ఆ గ్రంథపు లిపి తెలియకమునుపే సుబ్బారావుగారి బృందము దాని సిరాబుడ్డిని మూయగలిగినది. 2003లో మానవ జన్యుసముదాయమును చదువు మహాకార్యము ముగిసినది. జన్యువులు వ్రాసిన ఆజ్ఞలను నెరవేర్చు ప్రోటీనులను గుంపులుగా కొలుచు విద్యయు నేడు పెరుగుచున్నది.

దీనివలన రోగికి ఏమి లాభమందుమా? రక్తపు క్యాన్సరు వచ్చిన బిడ్డలందరికి ఒకే వ్యాధియని పూర్వము తలచిరి. నేడు జన్యువులను పరీక్షించి, ఏ బిడ్డది ఏ తెగయో తెలిసికొనుచున్నారు. ఫిలడెల్ఫియా క్రోమోసోము అను మార్పుగలవారికి, ఆ మార్పువలన పుట్టు ప్రోటీనును అడ్డగించు ఇమాటినిబ్ వంటి మందు నిత్తురు. మెర్కాప్టోప్యూరిన్ అను మరియొక మందు కొందరికి సామాన్యపు మోతాదులోనే రక్తకణములను నశింపజేయును. ఎన్.యు.డి.టి.15 అను జన్యువులోని మార్పు అందుకొక కారణము. మనదేశపు రోగులలోను అది కనబడుచున్నది. ముందుగా పరీక్షించినచో మోతాదు తగ్గించి బిడ్డను కాపాడవచ్చును. మన బెంగళూరులోని భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన మెదడు పరిశోధనాకేంద్రము ముందుండి నడపగా, దేశమందలి 10,000 మందికి పైగా మనుష్యుల జన్యుసముదాయములను చదివిరి. ఆ సమాచారమును 2025 జనవరిలో పరిశోధకుల కందుబాటులోనికి తెచ్చిరి. పరదేశీయుల శరీరములను కొలిచి వ్రాసిన లెక్కలు మనకన్నివేళల సరిపడవు గదా!

ఒకే పదార్థము ఒకరికి ప్రాణమును, మరియొకరికి ప్రమాదమును కాగలదు. కనుక రోగము పేరునుబట్టిగాక, రోగి నెరిగి మందీయవలెనన్నది నేటి వైద్యులు సాధింపగోరు గమ్యము. ఆ మార్గమున తొలియడుగులు వేసినవారిలో సుబ్బారావుగా రొకరు. ఇందుకు మూలము కొలత. భాస్వరమును కొలుచుటతో మొదలైన ఓర్పు.

పరీక్షలో తప్పినంతనే చదువు మాన్పింపజూచు తల్లిదండ్రులు మా ప్రాంతమునను గలరు. తెలుగు చదివినవానికి దారిలేదని దిగులుపడువారును గలరు. రెండుమార్లు తప్పిన కుమారుని మూడవమారు పరీక్షకు పంపిన వెంకమ్మగారిని వారొకసారి తలచుకొనవలెనని మా కోరిక. ఆమె పంపకున్నచో నేడు మన బిడ్డల చేతిలోని ఈ నీలిమాత్ర చరిత్రలో ఒక తెలుగుపేరు ఉండకపోవును.